నువ్వైతే పంపేదానివా అమ్మా?

పోయిన నెల మా చిన్నోడికి స్కూల్లో ఒక ప్రాజెక్ట్ ఇచ్చారు. వాడు ఎనిమిదో తరగతి. చార్టు మీద "ప్రపంచాన్ని మార్చిన యువత" అని పెద్దక్షరాలతో రాసి, కింద అయిదుగురి ఫోటోలు అతికించి, ఒక్కొక్కరి గురించి పది లైన్లు రాయాలట. ప్రాజెక్ట్ సంగతి మీకు తెలిసిందే కదా, పేరు పిల్లలది, పని అమ్మలది. చార్టు, స్కెచ్ పెన్నులు, గమ్ము కొనుక్కొచ్చి, జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్లు తీయించి, రాత్రి గిన్నెలు తోమడం అయ్యాక హాల్లో చాప వేసుకుని కూర్చున్నాం. మా ఆయన సీ షిఫ్టుకి వెళ్ళిపోయారు. ఇంట్లో నేను, చిన్నోడు, మా పెద్దది.

వాడు అప్పటికే నలుగురిని రాసి పెట్టుకున్నాడు. అందరూ బయటి దేశాలవాళ్ళే. 17 ఏళ్ళకి నోబెల్ శాంతి బహుమతి తెచ్చుకున్న మలాలా, 15 ఏళ్ళకి బడి మానేసి పార్లమెంటు ముందు కూర్చున్న గ్రెటా, ఇంకో ఇద్దరు. వాళ్ళు గొప్పవాళ్ళు కాదని కాదు. కానీ నాకు ఎక్కడో చురుక్కుమంది.

"మన దగ్గర ఎవరూ లేరారా?" అన్నాను.

"ఎవరున్నారమ్మా?"

"మాలావత్ పూర్ణ లేదూ! మన తెలంగాణ పిల్ల. 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. వాళ్ళమ్మానాన్నలు కూలిపని చేసుకునేవాళ్ళు. అయినా చూడు ఎంత ధైర్యమో. మీకు అన్నీ అమర్చిపెట్టినా పొద్దున్నే లేవడానికే బద్ధకం."

అలవాటుగా నోటికొచ్చిన మాటే. మనమందరం అనే మాటే. మా పెద్దది డిగ్రీ రెండో సంవత్సరం. ఆరిన బట్టలు మడతపెడుతున్నది ఆగి, నా మొహంలోకి చూసి అడిగింది.

"పూర్ణ వాళ్ళమ్మ పంపింది కాబట్టి పూర్ణ వెళ్ళింది. నువ్వైతే పంపేదానివా అమ్మా?"

నేను జవాబు చెప్పలేదు. గమ్ము మూత ఎక్కడ పెట్టార్రా అని వెతకడం మొదలుపెట్టాను. కానీ ఆ ప్రశ్న ఆ రాత్రంతా నాతోనే ఉంది. అది ఎందుకు అడిగిందో నాకు తెలుసు. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు పూర్ణ సంగతి చెప్పనివ్వండి. పిల్లలకి వినిపించడానికి వాడుకోవడమే గానీ, ఆ కథని ఒక తల్లిగా నేనెప్పుడూ పూర్తిగా ఆలోచించలేదు.

పూర్ణ 2000 జూన్ 10న పుట్టింది. ఊరు నిజామాబాద్ జిల్లా పాకాల. తల్లి లక్ష్మి, తండ్రి దేవీదాస్. తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకులంలో ఉండి చదువుకుంది. అప్పట్లో ఆ గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గారు హాస్టల్ పిల్లలకి కొండలెక్కడం నేర్పించాలనుకున్నారు. మనందరం యాదగిరిగుట్టకి పోతూ దూరం నుంచి చూసే భువనగిరి బండ మీదే మొదలైంది ఆ శిక్షణ. కోచ్ శేఖర్ బాబు గారు. అక్కడ నిలబడ్డవాళ్ళని డార్జిలింగ్ తీసుకెళ్ళారు. అందులోనూ నిలబడ్డవాళ్ళని లడఖ్ చలిలో ఉంచి చూశారు. అలా వడపోయగా చివరికి మిగిలింది ఇద్దరు. ఒకరు పూర్ణ, ఇంకొకరు ఖమ్మం జిల్లా పిల్లవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్.

నేపాల్ వైపు నుంచి 16 ఏళ్ళు నిండనివాళ్ళని ఎవరెస్ట్ ఎక్కనివ్వరు. అందుకని టిబెట్ వైపు నుంచి వెళ్ళారు. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది గైడ్లు చనిపోయారు. పుట్టినప్పటి నుంచీ ఆ కొండల్లో తిరిగినవాళ్ళే పోయారు. ఆ తర్వాత నెల తిరిగేసరికి, మే 25న, ఇద్దరు పిల్లలూ శిఖరం మీద ఉన్నారు. ఇంకో ఎనిమిది రోజుల్లో తెలంగాణ రాష్ట్రం రాబోతున్నది. పూర్ణ వయసు అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్ట్ ఎక్కిన ఆడపిల్ల ప్రపంచంలో అంతకుముందు లేదు. ఆ పిల్ల అక్కడితోనూ ఆగలేదు. 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కేసింది.

ఇప్పుడు చెప్పండి, మీరైతే పంపేవారా? ఏప్రిల్ 18 వార్త టీవీలో చూశాక కూడా "పోనీలే, ఎక్కనీ" అనేవారా?

నేనైతే పంపేదాన్ని కాదు. నిజం ఒప్పుకోవాలి కదా. 13 ఏళ్ళ పిల్లని అంత ప్రమాదంలోకి పంపడం సరైనదేనా అన్న విషయంలో నాకు ఇప్పటికీ అనుమానమే. ఎవరైనా తల్లి "వద్దు" అంటే నేను తప్పు పట్టను. కానీ ఒక మాట మాత్రం నన్ను వదలడం లేదు. మన పిల్లల్ని పంపడానికి మనం సిద్ధంగా లేనప్పుడు, పంపిన తల్లి కన్న బిడ్డని చూపించి మన పిల్లల్ని దెప్పే హక్కు మనకెక్కడిది? గోడకి పూర్ణ ఫోటో, గేటుకి తాళం. రెండూ మనమే పెడుతున్నాం.

ఇంకోటి కూడా గమనించాను. ఆ పిల్ల ధైర్యం గురించి మాట్లాడతాం గానీ, దాని వెనక ఎంతమంది పెద్దవాళ్ళ పని ఉందో మాట్లాడం. కొండెక్కించే ముందు బండెక్కించారు. బండ మీద తాడు కట్టారు. తాడు పట్టుకోవడానికి కోచ్ ఉన్నాడు. చలికి అలవాటు చేశారు. చేతకాదనుకున్నవాళ్ళని మధ్యలోనే ఆపేశారు. పిల్లల్ని వాళ్ళ మానాన వదిలేస్తే కాదు, పెద్దవాళ్ళు పక్కన నిలబడి పని చేస్తే అయింది అది.

ఎవరెస్ట్ మనకి దూరం అనుకుంటే, దగ్గరి కథ ఒకటి ఉంది. మన బీరువాలో ఉండే పోచంపల్లి చీర కథ.

పోచంపల్లి చీర మీద ఆ డిజైన్ రావాలంటే దారానికి ముందే రంగు అద్దాలి. రంగు అద్దాలంటే ముందు ఆ దారాన్ని అర్ధచంద్రంలా బిగించిన మేకుల చుట్టూ ఒక్కో పోగూ చుట్టుకుంటూ పోవాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకి చెయ్యి అటూ ఇటూ 9,000 సార్లు తిరగాలి. రోజుకి రెండు చీరలంటే 18,000 సార్లు. ఆ పని ఇంట్లో ఆడవాళ్ళదే. చీర నేసినవాళ్ళ పేరు బయటికి వస్తుంది గానీ ఆసు పోసిన చెయ్యి ఎవరికి కనపడుతుంది? మన వంటిల్లు లాగానే అది కూడా.

ఆలేరు దగ్గర శారాజీపేటలో లక్ష్మి గారని ఒకావిడ అలా ఏళ్ళ తరబడి ఆసు పోసింది. భుజాలు, మోచేతులు పట్టేసేవి. ఆమె కొడుకు చింతకింది మల్లేశం. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన పిల్లవాడు. అమ్మ నొప్పి చూడలేక, ఈ పని చేసే మిషన్ ఎందుకు చేయకూడదు అనుకున్నాడు. 1992లో మొదలుపెట్టినప్పుడు అతని వయసు 20. ఇంజనీరింగ్ తెలియదు, చేతిలో డబ్బు లేదు. చేసిందల్లా పాడవుతుంటే అప్పులయ్యాయి. చివరికి ఊరొదిలి హైదరాబాద్ వచ్చి కూలిపని చేసుకుంటూ, బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో తిరుగుతున్న మిషన్ చూస్తే, తనకి అంతవరకూ అంతుపట్టని చివరి ముడి విడిపోయింది. 1999లో ఆ యంత్రం పూర్తయింది. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకి దిగింది. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆయన మీద సినిమా కూడా వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు.

ఆ కథలో పద్మశ్రీ కంటే ఎక్కువగా నన్ను పట్టుకున్నది ఆ మొదటి చూపు. అమ్మ భుజం నొస్తుందని కొడుకు చూశాడు. అంతే, అక్కడి నుంచే వచ్చింది అంతా. మన ఇళ్ళల్లో అమ్మ భుజం నొస్తే ఏం జరుగుతుంది? "నువ్వు పో, చదువుకో, నాదేముందిలే" అంటాం. పిల్లలు చూడకుండా మనమే తలుపేసేస్తాం. వాళ్ళకి నొప్పి కనిపించకుండా పెంచి, పెద్దయ్యాక "వీళ్ళకి ఎవరి బాధా పట్టదు" అని మనమే అంటాం.

మూడో కథ మా జిల్లాదే. మా కర్దనూర్ నుంచి వెళ్ళి ముంబై హైవే ఎక్కి, సంగారెడ్డి, సదాశివపేట దాటి అదే రోడ్డు మీద పోతే జహీరాబాద్ వస్తుంది. దాని దగ్గర మాచునూర్ అనే ఊళ్ళో 2008 అక్టోబర్ 15న ఒక రేడియో మొదలైంది. సంఘం రేడియో. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్ళది. అప్పుడు దాన్ని నడిపింది ఇద్దరు దళిత యువతులు. ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు అల్గోల్ నర్సమ్మ, ఇంకొకరిని జనరల్ నర్సమ్మ అంటారు.

రేడియో అంటే హైదరాబాద్‌లో ఏసీ గదిలో చదువుకున్నవాళ్ళు మాట్లాడేది అనుకునే రోజుల్లో, వీళ్ళు చేలల్లోకి వెళ్ళి ముసలమ్మల చేత మాట్లాడించారు. ఏ విత్తనం ఎప్పుడు వెయ్యాలి, కొర్రలు ఎట్లా వండాలి, పిల్లలకి జ్వరమొస్తే ఏ ఆకు నూరాలి, ఏ పండగకి ఏ పాట పాడాలి, అన్నీ వాళ్ళ యాసలోనే. లైసెన్సు రావడానికి ఏళ్ళు పట్టింది. స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నదే 2006లో. అప్పటిదాకా వాళ్ళు ఊరుకోలేదు. మాటలు, పాటలు టేపుల్లో నింపుకుని సంఘాల్లో వినిపించుకుంటూ వచ్చారు.

నేను బీఏ తెలుగు చదివాను. జానపద సాహిత్యం ఒక పేపరు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా మా నాయనమ్మ పాడిన బతుకమ్మ పాటల్ని రాసిపెట్టుకోవాలని నాకు తోచలేదు. ఆమె పోయింది, పాటలూ పోయాయి. డిగ్రీ లేని అమ్మాయిలకి తోచిన పని డిగ్రీ ఉన్న నాకు తోచలేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఈ మూడు కథలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు అర్థమైంది ఇది. మల్లేశం చూసింది అమ్మ చెయ్యి. నర్సమ్మలు విన్నది తమ ఊరి ముసలమ్మల మాట. పూర్ణ మొదట ఎక్కింది హాస్టల్ వాళ్ళు చూపించిన ఒక బండ. ప్రపంచాన్ని మార్చేస్తాం అని బయల్దేరినవాళ్ళు ఎవరూ లేరు. కళ్ళెదురుగా ఉన్నదాన్ని పట్టించుకున్నారు, దాన్ని వదల్లేదు. ఎవరో ఒక పెద్దమనిషి వాళ్ళని ఆపకుండా ఉన్నారు, లేదా తోడు నిలబడ్డారు. కాబట్టి తల్లులుగా మనం పిల్లల్ని అడగాల్సింది "నువ్వు ఎప్పుడు వాళ్ళంత అవుతావు?" అని కాదు. "నీకేం కనిపిస్తున్నది?" అని. వాళ్ళు చెప్పినప్పుడు వినాలి.

మా ఇంట్లో చెప్పింది. నేనే వినలేదు. ఇందాక తర్వాత చెప్తానన్న సంగతి ఇదే.

మా ఇంటి వెనక సందులో రేకుల రూములున్నాయి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చి కంపెనీల్లో పని చేసుకునే కుటుంబాలు ఉంటాయి. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కంపెనీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా పోయారు, మీకు గుర్తుండే ఉంటుంది. పోయినవాళ్ళలో వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు ఎంతోమంది. మా ఆయన పనిచేసేది వేరే కంపెనీలో. అయినా ఆ రోజు ఆయన ఫోన్ ఎత్తేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ వారమంతా వెనక సందులో ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఫోన్లు మాట్లాడుతూనే ఉన్నారు. పిల్లలు మాత్రం ఎప్పటిలాగే రోడ్డు మీద టైర్లు దొర్లించుకుంటూ ఆడుకుంటున్నారు.

అప్పుడే మా పెద్దది అన్నది. "అమ్మా, వీళ్ళు బడికి పోవడం లేదు. తెలుగు రాదని, కాగితాలు లేవని వీళ్ళమ్మలు పంపడం లేదు. నేను ఆదివారాలు వెళ్ళి చదువు చెప్తాను."

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "నీకెందుకు? నీ చదువు చూసుకో. షిఫ్టు దిగి వచ్చే మగవాళ్ళు తిరిగే సందు అది. రేపు ఎవరైనా ఏమన్నా అంటే?" అన్నాను. అది మళ్ళీ అడగలేదు. అడగలేదని నేను సంతోషించాను కూడా.

నా భయం ఉత్తది కాదు. ఈ కంపెనీల మధ్య ఆడపిల్లని పెంచేవాళ్ళకి తెలుసు చీకటి పడితే మనసు ఎట్లా ఉంటుందో. కానీ ఆ భయం నా సొంతమా అని చూసుకుంటే, సగం మా నాన్నది. బీఏ అయ్యాక తెలుగు పండిట్ ట్రైనింగ్‌కి హైదరాబాద్ వెళ్తానంటే, హాస్టల్లో ఒంటరిగా ఎట్లా ఉంటావు అని ఆయన వద్దన్నారు. అమ్మ పక్కనే ఉండి ఏమీ అనలేదు. నాన్న చెడ్డవాడు కాదు. ప్రేమతోనే అన్నారు. అదే మాట, అదే ప్రేమతో, ఇరవై ఏళ్ళు దాచుకుని నా కూతురికి ఇచ్చాను. బంగారం ఇచ్చినట్టు.

ప్రాజెక్ట్ రాత్రి తర్వాత మూడు రోజులు ఆలోచించి, నాలుగో రోజు దాన్ని పిలిచి కూర్చోబెట్టాను. "నువ్వు ఆ సందులోకి వెళ్ళడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. వాళ్ళనే మన వరండాలోకి రమ్మందాం. ఆదివారం నాలుగింటి నుంచి ఆరింటి దాకా. చీకటి పడకముందే పంపించెయ్యాలి. వాళ్ళమ్మలతో ముందు నేను మాట్లాడతాను" అన్నాను. అది నన్ను అనుమానంగా చూసింది. తర్వాత నవ్వింది.

నాకొచ్చిన హిందీ టీవీ సీరియళ్ళ హిందీ. దానితోనే వెళ్ళి మాట్లాడాను. మొదటి ఆదివారం ముగ్గురు వచ్చారు. రెండో ఆదివారం ఏడుగురు. మూడో ఆదివారానికి ఒక కుటుంబం చెప్పకుండానే ఊరెళ్ళిపోయింది, అయిదుగురయ్యారు. పక్కింటి వదిన "చెప్పులన్నీ గేటు ముందేనా?" అని మూతి ముడిచింది. అన్నీ ఉన్నాయి. అంతా సినిమాలాగా ఏమీ జరగడం లేదు.

కానీ ఒకటి జరిగింది. కాగితాలు లేవని బడిలో చేర్చుకోరేమో అని మేమందరం అనుకుంటుంటే, మా పెద్దది వెతికి చూపించింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్ని వయసు రుజువు కాగితం లేదని ఏ బడీ కాదనకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. మీ వీధిలోనూ ఇలాంటి పిల్లలుంటే ఈ సంగతి వాళ్ళమ్మలకి చెప్పండి, చాలామందికి తెలియదు. ఒక తల్లిని వెంటబెట్టుకుని మేమిద్దరం సర్కారు బడికి వెళ్ళాం. టీచరమ్మ ఏమీ వంక పెట్టలేదు. ఆమె ఇద్దరు పిల్లలూ ఇప్పుడు యూనిఫాంలో పోతున్నారు. అయిదుగురిలో ఇద్దరు. నాకు చాలు అనిపిస్తున్నది, దానికి మాత్రం చాలడం లేదు. అది కూడా మంచిదే.

చెప్పొచ్చేదేమిటంటే, పిల్లలు ఏది అడిగినా సరే అనమని నేను చెప్పడం లేదు. నేనిప్పటికీ అననిమాటలు చాలా ఉన్నాయి. కానీ "వద్దు" అనడానికి ఒక్క నిమిషం పడితే, "ఎట్లా అయితే కుదురుతుంది?" అని ఆలోచించడానికి మూడు రోజులు పడుతుంది. ఆ మూడు రోజులు మనం ఇస్తున్నామా? భువనగిరి బండ మీద తాడు కట్టినవాళ్ళు చేసిన పని అదే కదా.

మా చిన్నోడి చార్టు మీద అయిదో ఫోటో పూర్ణదే అతికించాడు. పది లైన్లలో మొదటి లైను వాడే రాశాడు, "పూర్ణ వాళ్ళ అమ్మ పేరు లక్ష్మి" అని. అది ఎందుకురా ముందు అంటే, "అక్క చెప్పింది" అన్నాడు. మార్కులు ఎన్నొచ్చాయో ఇంకా చెప్పలేదు.

మీ ఇంట్లో కూడా పిల్లలు ఎప్పుడో ఒకటి అడిగి, మీరు వద్దంటే మళ్ళీ అడగని మాట ఏదో ఉండే ఉంటుంది. ఈ ఆదివారం మీరే గుర్తుచేసి, ఇంకోసారి అడిగి చూడండి.